పాత్ర అప్పగించి వెళ్ళాలి

నవంబర్ 14

మోకాలు అరిగిపోయిందట. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టుకుని, రెండెముకల మధ్య ఉండాల్సిన సందు లేదమ్మా అన్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు. ఊరూరా తిరిగి నాటకాలాడతాను, అందులో కూలీ వేషానికి ఇటుకలు మోస్తానన్నాను. ఉత్తుత్తి ఇటుకలా అన్నాడు. కాదు, నిజంవే, మా డైరెక్టరు ఒప్పుకోడన్నాను. అయితే ఈ ఏడాదే మానేయమన్నాడు, లేకపోతే కర్ర పట్టుకు నడవాల్సి వస్తుందన్నాడు. ఇంత మర్యాదగా నన్నెవరూ భయపెట్టలేదు.

పోయినేడు మా ఆట చూసిన ఒక బడి హెడ్‌మిస్ట్రెస్ అప్పట్నుంచీ ఫోన్ చేస్తూనే ఉంది. పిల్లలకి నాటకం నేర్పాలి. ఉండటానికి గది ఇస్తారు. జనవరి ఐదున చేరాలి. ఇవాళ ఒప్పేసుకున్నాను. లాడ్జి బాత్రూములో దూరి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఒప్పుకున్నాను. నలభై రెండేళ్ళదాన్ని.

ఇక అన్నయ్యకి చెప్పాలి. మా డైరెక్టరు అన్నయ్యే.

నవంబర్ 15

చెప్పలేదు.

నవంబర్ 17, పొద్దున్న

చెప్పేశాను.

అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ నాలుగు అరిచేదాన్ని, అక్కడితో తేలిపోయేది. అరవలేదు. పక్కన కూర్చుని తల నిమిరాడు. వదినని కేకేసి వేడినీళ్ళ సంచీ తెమ్మన్నాడు. వెళ్ళు చిన్నీ, నిన్ను ఆపేదెవరు, అందులోనూ మన కంపెనీలో అన్నాడు. కాకపోతే పాత్ర అప్పగించి వెళ్ళు అన్నాడు.

మా దగ్గర అదొక కట్టుబాటు. మానేసేవాళ్ళు తమ పాత్ర ఇంకొకళ్ళకి నేర్పాలి. వాళ్ళు తయారయ్యారని అన్నయ్య ఒప్పుకున్నాకే మూట కట్టుకోవాలి. పాత్రని అనాథని చేసి పోకూడదంటాడు. ఎక్కడా రాసిపెట్టింది కాదు, అయినా ఇంతవరకూ ఎవరూ దాటలేదు. రాజు వేషాలు వేసే పెద్దాయన అలా నేర్పుతూ నేర్పుతూనే మంచం పట్టాడు.

అదే రోజు, ఆట అయ్యాక

జనంతో మాటామంతీ పెట్టారు. ఎవరో కాలేజీ అమ్మాయి లేచి, మీ నాటకాలన్నిట్లో ఆడవాళ్ళు చివరికి వెళ్ళిపోతారెందుకని అడిగింది. నిజమే. పాత రాజుల కథని మా అన్నయ్య తిరగరాస్తే అందులో రాణి కోట విడిచి వెళ్ళిపోతుంది. కొత్తగా ఇటుక బట్టీ నాటకం రాస్తే అందులో కూలీ మనిషి మేస్త్రీ మొహం మీదే ఇటుక పడేసి వెళ్ళిపోతుంది. ఆ రాణీ నేనే, ఆ కూలీ నేనే.

అన్నయ్య మైకు అందుకుని, వెళ్ళిపోయే హక్కు లేని మనిషికి మిగతా హక్కులెన్ని ఇచ్చినా ఉత్తవేనన్నాడు. హాలు దద్దరిల్లింది. నేనూ చప్పట్లు కొట్టాను. అలవాటు మరి.

నవంబర్ 20

కొత్తమ్మాయి వచ్చింది, కూలీ పాత్ర నేర్చుకోవడానికి; రాణి ఆట ఈ ఏడాదితో ఆపేస్తారట. చురుకైంది. నన్ను అక్కా అంటోంది. పాపం.

నవంబర్ 27

ఊరు మారాం. వ్యాన్‌లో నా పక్కసీటు ఇప్పుడు కొత్తమ్మాయిది. దారి పొడుగునా డైలాగులు అప్పజెప్పించాను. ఒక్క ముక్క పొల్లుపోలేదు. ఆశ పుట్టింది. ఎంత పుట్టిందంటే, డాబా దగ్గర ఆగినప్పుడు టీ నేను కొనిపెట్టాను, రెండు బిస్కెట్లు కూడా.

సాయంత్రం ఖాళీ స్టేజీ మీద నడక నేర్పడానికి నించున్నాం. తల మీద ఇటుకలు పెట్టాను. నడవమన్నాను. నడిచింది. ఎడమకాలు ఈడుస్తూ నడిచింది. మడమ ముందు ఆనించి, ఆగి, పెదవి కాస్త బిగబట్టి, అప్పుడు బరువేసింది.

కాలికేమైందే అని కంగారుగా అడిగాను. ఏం కాలేదక్కా, మిమ్మల్ని నాలుగు ఆటలు చూసి పట్టుకున్నాను, కరెక్టేనా అంది. ఎంత ముచ్చటగా అడిగిందో.

అది పాత్ర కాదు తల్లీ, నా మోకాలు అన్నాను. నాటకం మొదలైన రోజుల్లో ఆ మనిషి శుభ్రంగా నడిచేది. నాకు నొప్పి వచ్చాక ఆవిడకీ వచ్చింది. కొత్తమ్మాయికి నమ్మకం కుదర్లేదు. ముందు వరసలో కూర్చున్న అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య కాసేపు గడ్డం గోక్కుని, అది ఇప్పుడు పాత్రదే, ఉంచెయ్ అన్నాడు.

నా నొప్పి నాది కాకుండా పోయింది. అదీ నాతో ఒక మాటైనా అనకుండా.

డిసెంబర్ 4

కొత్తమ్మాయి తయారు కాలేదట. డైలాగులు బాగున్నాయట, గొంతు బాగుందట, కుంటడంలో నిజం లేదట.

నిజం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ పిల్ల మోకాలు లక్షణంగా ఉంది. ఆ మాటే అన్నాను. అందుకే కదా నువ్వు నేర్పాలి అన్నాడు. పొద్దుట్నుంచీ ఒక గట్టి మోకాలికి కుంటడం నేర్పాను. ఇలాంటి ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

డిసెంబర్ 9

ఒక పథకం వేశాను. రెండు మాత్రలు మింగి, క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టి, ఇవాళ ఆట మొత్తం తిన్నగా నడిచాను. కుంటకపోయినా పాత్ర నిలబడుతుందని అన్నయ్య కళ్ళతో చూస్తే ఈ గోల వదిలేస్తాడనుకున్నాను. నిలబడింది కూడా. జనం ఎప్పటిలాగే ఏడ్చారు. చివర్లో వాళ్ళ మధ్యలోంచి నడిచి తలుపు తీసుకుని బయటికి పోయాను. ఆ తర్వాత హాలు చుట్టూ తిరిగి, వెనక మెట్లెక్కి వచ్చి దణ్ణం పెట్టాను. ఎన్నిసార్లు వెళ్ళిపోయినా ఆ వెనక మెట్లు తప్పవు.

అన్నయ్య గ్రీన్‌రూములోకి వచ్చి, ఇవాళేంటే నటించావు అన్నాడు. తిట్టు అది. మా ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

మోకాలు బంతిలా ఉబ్బింది.

డిసెంబర్ 10

పగలంతా మంచం దిగలేదు. ఆట రాణిది కాబట్టి సింహాసనం పట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చాను.

డిసెంబర్ 15

వదిన కాపడం పెట్టింది. ఈ కంపెనీ బట్టలన్నీ కుట్టేదీ ఉతికేదీ వదినే. మాటలు తక్కువ మనిషి. ఇవాళెందుకో తనంతట తనే మొదలుపెట్టింది. మీ అన్నయ్యకి ఎవరూ నచ్చరమ్మాయ్, కాలు విరిగినదాన్ని తెచ్చి నిలబెట్టినా నచ్చదు అంది. నచ్చిందంటే నువ్వు వెళ్ళిపోతావు కదా, అంది.

అన్నయ్య చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది. అమ్మ పోయాక నాకు జడ వేసింది ఆయనే. వంకరగా వేసేవాడు. చదివించడానికి డబ్బుల్లేక తన నాటకాలే చదివించాడు. జ్వరం వస్తే ఆట కాన్సిల్ చేశాడు, ఒకసారి కాదు. నేనంటే ప్రాణం. నాకూ అంతే. ఆ ప్రేమే నా మెడ పట్టుకు కూర్చుంది. తాడైతే కోసేదాన్ని.

కాపడం చల్లారిపోయింది. వదిన మళ్ళీ వేడి చేస్తానంది.

డిసెంబర్ 18

ఊరు మారింది. లాడ్జి మారింది. కిటికీ తీస్తే మళ్ళీ గోడే.

డిసెంబర్ 22

ఇవాళ పగటి ఆట, కాలేజీ వాళ్ళకి. కొత్తమ్మాయి చేత వేయించి చూద్దామన్నాడు. నేను జనంలో కూర్చున్నాను. ఆ నాటకాన్ని ముందు నుంచి చూడటం నాకిదే మొదలు.

ఎంత బాగా చేసిందో చెప్పలేను. ఇటుకలెత్తుకుని అది కుంటుతూ వస్తుంటే నా పక్కనున్న అబ్బాయి అబ్బా అన్నాడు, వాడికే నొప్పి పుట్టినట్టు. నాకు ఏడుపు ఆగలేదు. నాటకానికి కాదు. ఆ కాలు చూసి. ఇంత నొప్పిగా కనిపిస్తుంటే ఇన్నాళ్ళూ తెర పక్కన వింగ్‌లో నించుని చూసినవాళ్ళెవరూ ఏమే, నొప్పా అని అడగలేదెందుకు?

జనం లేచి నించున్నారు. నేను అందరికంటే ముందు లేచాను, అయిపోయింది, నా పని అయిపోయింది అనుకుంటూ.

బాగుంది, ఇంకో రెండు నెలలు చెయ్యనీ అన్నాడు అన్నయ్య.

తర్వాత లైట్లాయన చెప్పాడు, మార్చి దాకా ఊళ్ళు ఒప్పేసుకున్నారట. పోస్టర్లు కూడా వచ్చేశాయట. నా మొహమే వేశారట. అరికాలి మంట నెత్తికెక్కింది. గబగబా అన్నయ్య గదికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి, కాలెలా ఉంది చిన్నీ అన్నాడు. బాగానే ఉందని చెప్పి వచ్చేశాను.

థూ.

డిసెంబర్ 29, పొద్దున్న

కొత్తమ్మాయి వెళ్ళిపోయింది.

టీవీ సీరియల్లో వేషం వచ్చిందట. అందులోనూ కుంటే పాత్రేనట! కాలేజీ ఆట చూసిన వాళ్ళెవరో పిలిచారట. ఎవరికీ చెప్పలేదు, ఎవరికీ అప్పగించలేదు. పొద్దున్నే బ్యాగు తీసుకుని కిందికి దిగి, టీ తాగుతున్న లైట్లాయన్ని ఇక్కణ్ణుంచి బస్సుందా అంకుల్ అని అడిగిందట. ఉంది అన్నాడట. అంతే.

ఇన్నేళ్ళలో నేనెవర్నీ ఆ మాట అడగలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

భోజనాల దగ్గర అందరూ నా కాలి వైపు చూశారు. అన్నయ్య కొత్తమ్మాయిని తిట్టాడు, విశ్వాసం లేదన్నాడు, ఈ తరమే అంత అన్నాడు. కానీ మొహంలో కోపం లేదు. ఆయన మొహం నాకు తెలీదా. కడుపు నిండినవాడి మొహం అది. కాసేపటికి నా కాస్ట్యూమ్ స్వయంగా ఇస్త్రీ చేసి, చేతి మీద వేసుకుని నా గదికి తెచ్చాడు. ఇంకొకళ్ళని వెతుకుదాంలే, తొందరేముంది అన్నాడు.

వేసుకున్నాను. ఆట ఆడాను. బయటికి నడిచి, చుట్టూ తిరిగి, వచ్చి దణ్ణం పెట్టాను.

జనవరి 1

ఏమీ లేదు.

జనవరి 2

హెడ్‌మిస్ట్రెస్ ఫోన్. వస్తున్నారా లేదా, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం, ఇంక ఆగలేం అంది. తప్పేం లేదు ఆవిడది. బాత్రూములోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, వస్తున్నానన్నాను. వినపడలేదు, ఏదో చప్పుడండీ అంది.

కుళాయి కట్టేశాను. వస్తున్నానండీ, ఐదో తారీకు పొద్దున్నకి అక్కడుంటాను అన్నాను. నా గొంతు స్టేజీ గొంతు. లాడ్జి మొత్తం విని ఉంటుంది. బయటికొస్తే వరండాలో వదిన బట్టలారేస్తూ కనిపించింది. క్లిప్పు నోట్లో ఉంది. నాకేసి చూసి, తడి చీర ఇంకోటి దులిపింది.

జనవరి 3

అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. వదిన అక్కడే ఏదో కుడుతోంది. రేపు పొద్దున బస్సుకి వెళ్ళిపోతున్నానన్నాను.

ముందు నవ్వాడు. తర్వాత రేపటి ఆట సంగతేంటన్నాడు. రేపు మామూలు జనం కాదు. బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళని యూనియన్ వాళ్ళు బస్సుల్లో తీసుకొస్తున్నారు. వాళ్ళ కథ వాళ్ళు చూసుకునే రోజు. వాళ్ళని వెనక్కి పంపించనా, నువ్వే చెప్పు అన్నాడు. దెబ్బ ఎక్కడ కొట్టాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మోకాలే కాదు, మొత్తం మనిషినే కదిలిపోయాను. రేపొక్కటీ ఆడి వెళ్తానని నోటిదాకా వచ్చింది.

కానీ రేపు ఆడితే ఎల్లుండికి చేరలేను. ఎల్లుండి చేరకపోతే ఇంకెప్పుడూ చేరను. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆ పాత్ర నీకొచ్చు అన్నాను.

ఏంటే అన్నాడు. ప్రతి ఆటకీ వింగ్‌లో నించుని నాతోపాటు పెదాలు కదుపుతావు, ఒక్క మాట తప్పవు, ప్రతి నడకా నువ్వు చెప్పిందే, అప్పగించడానికి నీకంటే తయారైన మనిషి ఎవరున్నారు అన్నాను. అన్నయ్య పగలబడి నవ్వాడు. యాభై ఆరేళ్ళ మగాణ్ణి, మీసాలోణ్ణి, నవ్విపోతారే అన్నాడు. నాకేసి చూశాడు, వదినకేసి చూశాడు, ఎవరైనా తనతో నవ్వుతారేమోనని.

వదిన సూది పక్కన గుచ్చి లేచింది. మెళ్ళో టేపు తీసి ఆయన ఛాతీ చుట్టూ వేసింది. కుట్లు విప్పితే సరిపోతుంది, చేతులెత్తు అంది.

అన్నయ్య నవ్వు ఆగింది. ఛాతీ మీది టేపుకేసి చూసుకున్నాడు. తర్వాత చేతులెత్తాడు.

జనవరి 4, బస్సులో

వదిన ఫోన్ చేసింది. మీసం తీసేశాడట. తెర లేవగానే బట్టీ ఆడవాళ్ళు గొల్లున నవ్వారట. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుందట. రెండో సీనుకల్లా నవ్వులు ఆగిపోయాయట. చివర్లో జనం మధ్యలోంచి నడిచి వెళ్తుంటే అదే ఆవిడ లేచి, ఆయనకి తలుపు తీసి పట్టుకుందట.

నాకు ఏడుపొచ్చింది. పక్కాయన కిటికీ వైపు సీటు ఇచ్చాడు.

జనవరి 5

బడి. స్టాఫ్‌రూము. కుర్చీలో ఉన్నాను.

అన్నయ్య ఫోన్. గొంతు బొంగురుపోయింది. కాళ్ళు నావి కావంటున్నాడు. తెర లేచిన దగ్గర్నుంచీ పడేదాకా ఆ కూలీదానికి ఒక్కసారీ కూర్చునే వీలు లేదు కదే, ఏ వెధవ రాశాడే ఇది అన్నాడు.

వదినని అడిగి వేడినీళ్ళ సంచీ పెట్టించుకో అన్నాను. తర్వాత బెల్లు మోగింది, క్లాసుకి వెళ్ళాను.