పోయినేడాది అంకెలు

పిల్లల తల్లికి, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

గోడౌను లెక్కలన్నీ ఇక కంప్యూటర్లోనే అన్నారు కదా, అందుకని రోజూ పొద్దున్నే ఒకమ్మాయి నాకొక్కడికే ఎక్సెల్ నేర్పుతోంది. "చేతికి అలవాటయ్యేందుకు మీ సొంత అంకెలేవైనా తెచ్చుకోండి అంకుల్" అంది. నువ్వు వారం వారం కార్డులో రాసే నీ షుగర్ అంకెలు, రెండేళ్ళవీ ఎక్కించాను. గ్రాఫు గీసి ఆ అమ్మాయి రెండు చోట్ల వేలు పెట్టి చూపించింది. "ఈ నాలుగు నెలలవీ, పోయినేడాది ఇవే నెలలవీ వరసతో సహా ఒకటే అంకుల్" అంది.

పాత డైరీ ముందేసుకుని రాస్తున్నావా? ప్రతి కార్డూ చదివి హమ్మయ్య అనుకుని పెట్టెలో దాచుకున్న వెర్రివాణ్ణి నేను. అప్పుడొకసారి మూడొందలు దాటిందని రాస్తే కార్డు నిండా తిట్టాను. అందుకేనా?

కాలి పుండు మానిందన్నావు, అదీ పాత మాటేనా? పెద్దదాని కళ్ళజోడు మార్పించావా? ట్యాంకు కారడం ఆగిందా? నాకు లీవు ఇవ్వనన్నారు. అత్తయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఈ కార్డు అందిన రోజే ఆసుపత్రికి వెళ్ళు. జవాబులో ఒక్క అంకె చాలు. ఎంతున్నా తిట్టను. ఈ ఏటిది రాయి.