నాలుగో నిమిషం

అమ్మకు,

నీ చిన్నది నమస్కారాలతో రాస్తోంది. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ, అక్కా, బావా, పిల్లలూ బాగున్నారనే అనుకుంటున్నాను. ఈ ఉత్తరం మాత్రం అక్క చేత చదివించుకోకు. నువ్వే చదువుకునేలా అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. కాన్వెంటులో సిస్టర్లు బెత్తం చూపించి నేర్పిన రాత ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కళ్ళజోడు మార్పించాను. గదిలో చెమ్మ తగ్గలేదు. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపాను. ఆఫీసులో ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అన్నావు. టేపుల పెట్టెలతో మాట్లాడుతున్నాను, అవి ఎదురు ప్రశ్నలు వేయవు. "శిక్షణకు ఆ సారు వస్తున్నాడన్నావు, ఎదురుపడితే ఏమీ అనకు, తల వంచుకుని నీ పని చూసుకో" అని రాశావు. నేనేమీ అనలేదమ్మా. మూడు రోజుల్లో నేనతనితో అన్నది ఒక్క మాట. "మైకు ఇటుంది సార్."

ఏటా మా ఆర్కైవులో పరిశోధన చేసే కుర్రవాళ్ళకు మూడు రోజుల శిక్షణ ఉంటుంది. జనం దగ్గర కూర్చుని ఎలా వినాలి, ఎలా అడగాలి, వాళ్ళ మాటలు రికార్డు చేసి ఎలా భద్రపరచాలి అన్నది పాఠం. ఈసారి ఇరవై ఎనిమిది మంది వచ్చారు. పాఠం చెప్పడానికి అతను వచ్చాడు. నువ్వు పెట్టిన పేరే, తేనె సారు. జుట్టు నెరిసింది గాని నాలుక నెరవలేదు. మొదటి రోజు పొద్దున్నే బోర్డు మీద "ముందు నమ్మకం, తర్వాతే ప్రశ్న" అని రాశాడు. అందరూ భక్తిగా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. వెనక రికార్డరు పక్కన నిలబడ్డ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తాను. నేనెంత గుర్తుపెట్టుకున్నానో నీకు తెలియాలి. నాన్న పోయాక నువ్వు ఆసుపత్రి లాండ్రీలో చేరావు. పద్నాలుగేళ్ళ కిందట అతను తను రాసే పుస్తకం కోసం టేపురికార్డరు పట్టుకుని నాలుగు మధ్యాహ్నాలు వచ్చి నీ పక్కన కూర్చున్నాడు. అంటువ్యాధుల వార్డు దుప్పట్లు ఉడకబెట్టకుండానే మడత పెట్టిస్తున్నారని నువ్వు చెప్పావు. పుస్తకంలో నీ పేరు రాయలేదు. "ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, ఇద్దరాడపిల్లల తల్లి, భర్త లేని మనిషి" అని రాశాడు. ఒక్క లాండ్రీలో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు? సూపర్‌వైజరు ఆ పేజీ నీ ముందు పెట్టి, ఇక రావద్దన్నాడు. నువ్వు ఎవరినీ తిట్టలేదు. నీ వంతు కూడా నేనే తిట్టుకున్నాను, రోజూ.

పోయిన ఏడాది అతను తన టేపులన్నీ మా ఆర్కైవుకిచ్చాడు. మనిషికొకటి చొప్పున అరవై ఒకటి. వాటికి జాబితా రాసే పని నాకు పడింది. నేనెవరి కూతురినో అతనికి తెలియదు. శిక్షణ మూడో రోజున ఆ టేపులుంచిన గదికి అతని పేరు పెట్టాలని ఏర్పాటు. రెండో రోజు మధ్యాహ్నం అందరూ కలిసి ఒక టేపు వినాలి. ఏ టేపన్నది నా ఇష్టం. నెల రోజులు ఆలోచించాను.

ముందు అతని పుస్తకంలోని ఆ పేజీని, ఎవరు రాశారో చెప్పకుండా, అందరికీ పంచాను. కింద ఒక ప్రశ్న రాశాను: ఈ మనిషి ఎవరో తెలియకుండా దాచారా?

శిక్షణకు వచ్చినవాళ్ళలో ఒకామె ఇదివరకు నర్సు. ఆమె చదివి నవ్వింది.

"ఇది దాచడమా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది. మా ఆసుపత్రయితే ఈమెని పది నిమిషాల్లో పట్టుకుందును."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. తన రాతను తానే గుర్తుపట్టలేదు.

అప్పుడు నేను మీట నొక్కాను. "భయపడకమ్మా. నువ్వు చెప్పింది ఈ గది దాటదు. నా పిల్లల మీద ఒట్టు."

అతని చేతిలో పెన్ను ఆగిపోయింది. రెండు రోజులుగా అందరూ వింటున్న గొంతే అది.

"ఇది మీరే కదా సార్?" అంది నర్సు.

"ఆ రోజుల్లో పద్ధతులు వేరమ్మా."

"ఒట్టు పెట్టే పద్ధతి కూడానా సార్?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా పెద్ద మేడమ్ అంగీకార పత్రం ఉందా అని అడిగింది. వెతకాలన్నాడు. లేదని నాకు తెలుసు. మూడో రోజు ఏర్పాటు వాయిదా పడింది. వచ్చే నెల కమిటీ కూర్చుని ఈ టేపు విని, గదికి అతని పేరు పెట్టాలో వద్దో తేలుస్తుంది. ఈలోగా అతను అరవై ఒక్క మందికీ అనుమతి అడుగుతూ సొంత చేత్తో ఉత్తరాలు రాయాలట. చిరునామాలన్నీ నేనే రాసిచ్చాను. పగ తీరితే మనసు తేలికవుతుందంటారు. అయింది. అబద్ధమెందుకు.

ఇక చెప్పాల్సింది ఉంది. ఇంత రాసి ఇప్పటిదాకా నాన్చాను.

ఆ టేపు నీది. నిన్ను అడక్కుండా నీ గొంతు ఇరవై ఎనిమిది మందికి వినిపించాను. మూడు నిమిషాల దగ్గర ఆపేద్దామనుకున్నాను. నేను అంతకుముందు విన్నదీ అంతే. మిగతాది నీ అనుమతి లేకుండా వినకూడదని నియమం పెట్టుకున్నాను. మూడో నిమిషం అయ్యేసరికి నా వేలు మీట మీదే ఉంది. కాని అతని చెవులు ఎర్రబడుతున్నాయి. రుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు. ఇంకాస్త చూడాలనిపించింది. నొక్కలేదు.

నాలుగో నిమిషంలో నువ్వన్నావు. "చిన్నదాన్ని హాస్టల్లో దింపి వస్తుంటే గేటు పట్టుకుని పిలుస్తానే ఉంది సార్. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే తెచ్చేసుకుంటాను. తెచ్చుకుంటే ఏం పెట్టను?" ఆ తర్వాత మిషన్ల చప్పుడు మధ్య వెక్కిళ్ళు వినిపించాయి. నువ్వు ఏడుస్తున్నావని అందరికీ తెలిసింది.

నువ్వు ఆ రోజు నా పిలుపు వినలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. విన్నావని తెలిసింది, అదీ ఇంతమంది ముందు. ఒక అమ్మాయి ఆ మాటలు నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఆ కాగితం అడిగి తీసుకున్నాను. చెవుల్లో పడ్డది తీసుకోలేను కదా.

వెళ్తూ వెళ్తూ అతను నా బల్ల దగ్గర ఆగాడు.

"ఈ టేపు పెట్టేముందు ఆమెని అడిగావామ్మా?"

ఆ గొంతులో తేనె లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. నేను తల వంచుకున్నాను.

దీనితో ఒక కాగితం పెడుతున్నాను. అందులో రెండే మాటలు: ఉంచండి, తీసేయండి. నీకు కావలసినదాని కింద గీత గీసి పంపు. ఉంచమంటే కమిటీ మొత్తం వింటుంది, నాలుగో నిమిషంతో సహా. కత్తిరించిన టేపును వాళ్ళు ఒప్పుకోరు. తీసేయమంటే సాక్ష్యం ఉండదు, గదికి అతని పేరు పెడతారు. అతన్ని నేను క్షమించలేదు, క్షమించను. ఉంచమని నిన్ను బతిమాలుతూ ఒక పేజీ నిండా రాశాను. చదువుకుంటే అది అతను మాట్లాడినట్టే ఉంది. చింపేశాను.

ఈ నెలాఖరు దాకా చూస్తాను. మౌనం అర్ధాంగీకారం అంటారు గాని మా పనిలో అది చెల్లదు. నీ దగ్గర నుంచి ఏమీ రాకపోతే వద్దన్నావనే అనుకుని, నా చేత్తోనే చెరిపేస్తాను.

ఇట్లు,
నీ చిన్న కూతురు