మిల్లు కారు వెనక సీటు

1 ఫిబ్రవరి 2009, ఆదివారం

షో అయిపోయాక వచ్చే ఫోన్లు ఎత్తడం, ప్రేక్షకుల అభిప్రాయాలు రాసుకోవడం. నాచారం స్టూడియోలో ఇదే నా ఉద్యోగం. మూలన పడ్డ పాత కార్లను వెతికి బాగుచేసి నడిపించే షో మాది. పేరు ‘మళ్లీ రోడ్డెక్కింది’.

ఇవాళ్టి ఫీడ్‌బ్యాక్: యాంకర్ గోడౌన్‌లో కూడా కూలింగ్ గ్లాసెస్ ఎందుకు పెట్టుకుంటాడని ఒకామె అడిగింది. తన స్కూటర్ కూడా బాగుచేసి పెడతారా అని రామంతాపూర్ నుంచి ఒకాయన. వెనక మ్యూజిక్ ఆపితే ఇంజిన్ చప్పుడు వినిపిస్తుందని ఇంకొకాయన.

తుప్పు బండ్లకు ఇంత హంగామా ఎందుకో నాకైతే అర్థం కాదు. ప్రొడ్యూసర్ నరేందర్ సార్‌తో అననులే.

8 ఫిబ్రవరి, ఆదివారం

ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా రాస్తున్నాను.

ఇవాళ కొత్త బండి. ఇక్కడే నాచారంలో, ఎప్పుడో మూతపడ్డ బట్టల మిల్లు గోడౌన్‌లో దొరికిన తెల్ల అంబాసిడర్. ఒకప్పుడు మేనేజర్ కారట. యాంకర్ దాని మీద కప్పిన పట్టా లాగాడు. దుమ్ము లేచింది. ఎపిసోడ్ అయిపోయి పేర్లు పడుతుండగానే ఫోన్ మోగింది. చెంగిచెర్ల నుంచి తారామణి అనే ఆవిడ.

“ఆ బండి నాకెరుకే. నా పెద్ద బిడ్డ అండ్లనే పుట్టింది.”

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఫోన్ పెట్టగానే ఇంకొకటి. ఉప్పల్ నుంచి ఒకతను, వాళ్ళన్న ఆ కారులోనే పుట్టాడట. తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత ఇంకొకరు.

అందరూ ఆ మిల్లు లేబర్ క్వార్టర్స్‌లో ఉన్నవాళ్ళే. అప్పట్లో అక్కడ ఆటోలు లేవట. ఎవరికి నొప్పులొచ్చినా మిల్లు డ్రైవర్ కనకరాజు దగ్గరికి పరుగెత్తేవాళ్ళట. ఆయన మేనేజర్‌ని అడగకుండానే కారు తీసేవాడట. మేనేజర్ కూడా చూసీచూడనట్టు ఉండేవాడట. సికింద్రాబాద్ దవాఖానాకు పోయే దారిలో రైల్వే గేటు. గేటు పడిందంటే కాన్పు కారులోనే.

రాసుకోవడం మర్చిపోయి వింటూ కూర్చున్నాను.

9 ఫిబ్రవరి

పొద్దున్నే నరేందర్ సార్‌కి చెప్పాను. ఎగిరి గంతేశారు. టీఆర్పీ, టీఆర్పీ అన్నారు. అంతలోనే ముఖం మాడిపోయింది. ఆ వెనక సీటు చిరిగిపోయి ఉందని గురువారమే పీకేసి, పాత టైర్లతో పాటు తుక్కు కొట్టుకు పంపేశారట. విసిరేసే షాట్ కూడా తీశారు. వచ్చే ఎపిసోడ్‌లో ఉంది.

షాట్ ఎడిట్‌లో లేపేద్దాం అన్నారు.

షాట్ లేపేస్తారు సార్, సీటు సంగతేంటి అన్నాను. ఆయన ముందు గొంతు పెంచడం ఇదే మొదటిసారి. నాలుగేళ్ళ ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆయన వ్యాన్ తీసుకొని పొమ్మన్నారు.

10 ఫిబ్రవరి

ఉప్పల్‌లో రెండు కొట్లు తిరిగాం. లేదు.

11 ఫిబ్రవరి, బుధవారం

దొరికింది!

ఉప్పల్ రింగ్ రోడ్డు పక్క కొట్టు. ఓనర్ ఆ సీటు మీదే కూర్చొని చాయ్ తాగుతున్నాడు. స్పాంజి బయటికొచ్చింది, ఒక పక్క స్ప్రింగు కనిపిస్తోంది. అది మాకు కావాలనగానే మొదట బేరానికి దిగాడు. దాని మీద ఎవరెవరు పుట్టారో చెప్పాను. గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

“నాకేం ఎరుక మేడం, పొద్దటి సంది దీని మీదనే కూసున్న” అన్నాడు.

బేరం ఊసెత్తలేదు. సీటు వ్యాన్‌లోకి ఎక్కించేటప్పుడు చెప్పులు విడిచాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకు. నేనూ విడిచాను.

15 ఫిబ్రవరి, ఆదివారం

ఎపిసోడ్‌లో నరేందర్ సార్ అంతా దాచకుండా చెప్పించారు, సీటు పారేసిన సంగతితో సహా. ఫోన్ పెట్టే తీరిక లేదు. ఇన్నాళ్ళూ అందరూ రంగు మార్చండి, కొత్త చక్రాలు వేయండి అనేవాళ్ళు. ఇవాళ ఒకటే మాట. సీటు కవరు మార్చొద్దు. చిరిగినచోట కుట్టండి, చాలు.

డ్రైవర్ కనకరాజు గారు ఇంకా ఉన్నారట, ఫోన్ చేసినవాళ్ళలో ఒకరు చెప్పారు. పీర్జాదిగూడలో కూతురి ఇంట్లో.

చివర్లో ఒక ఫోన్. పేరు రాణి అని చెప్పింది. పోచారంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్‌లో పని చేస్తుందట. చాలా నెమ్మదిగా మాట్లాడింది.

“నేను గూడ ఆ బండిలనే పుట్టిన. మా అమ్మ ఆ బండిలనే పోయింది.”

గేటు పడిందట. ఎదురుగా గూడ్సు బండి కదలకుండా ఆగిపోయిందట. తర్వాత వాళ్ళ నాన్న మిల్లు ఉద్యోగం వదిలేసి, పసిగుడ్డును తీసుకొని భువనగిరి దగ్గర తన తల్లి ఇంటికి వెళ్ళిపోయాడట. మళ్ళీ ఇటు రాలేదట.

షో మీద అభిప్రాయం ఏమీ చెప్పలేదు. ఒక్కటే అడిగింది. ఆ డ్రైవర్ ఉన్నాడా అని.

17 ఫిబ్రవరి, మంగళవారం

కనకరాజు గారింటికి వెళ్ళాం. బక్కపలచని మనిషి. కళ్ళలో పొర. కుర్చీలు వేయించారు, చాయ్ ఇప్పించారు. షూటింగ్‌కు మాత్రం రానన్నారు. జనం మిమ్మల్ని చూడాలని అడుగుతున్నారని నరేందర్ సార్ బతిమాలారు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. కారు బాగైందంటే కూడా సంతోషపడలేదు. చివరికి నా వైపు తిరిగి చెప్పారు.

“ఒకామె పోయింది, బిడ్డా, నా బండిల. గేటు కాడ గూడ్సు ఆగిపోయింది. నేను హారన్ కొట్టుకుంటనే ఉన్న. ఎనక అరుపు ఆగిపోయింది. పిల్ల ఏడుపు గూడ ఇనబడలె. నేను ఎనకకు తిరగలె. ఎన్నడు తిరగలె. ఆడోళ్ళ కష్టం మనం సూడొద్దని అద్దం గూడ పైకి తిప్పి పెట్టేటోన్ని. దవాఖానల దింపి వచ్చిన. తెల్లారి తాళం చెయ్యి మేనేజర్‌కు ఇచ్చేసి పని ఇడిసిన, మళ్ల ఆ దిక్కు పోలె. తల్లీపిల్లా ఇద్దరు పోయిన్రు. ఏం మొకం పెట్టుకొని వస్త?”

అదే గేటు. అదే గూడ్సు బండి.

“పిల్ల పోలేదు తాతా. బతికింది. ఆదివారం నాతో ఫోన్‌లో మాట్లాడింది” అన్నాను.

కనకరాజు గారు అరచెయ్యి చాచి, నేలకు కొంచెం ఎత్తులో పెట్టారు.

“గింత ఉంటదా?”

నేను ఆయన చెయ్యి పట్టుకొని పైకి, ఇంకా పైకి, నా భుజం దాకా ఎత్తాను. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

తర్వాత కూతుర్ని పిలిచి, తెల్ల అంగీ ఇస్త్రీ చేయించమన్నారు.

22 ఫిబ్రవరి, ఆదివారం

ప్రతి ఆదివారం పోయే చర్చికి ఇవాళ పోలేదు. పోయినట్టే ఉంది.

మిల్లు ఆవరణ నిండిపోయింది. తల్లులు, కొడుకులు, కూతుళ్ళు. ఆ కారులో పుట్టి, ఇప్పుడు మీసాలు నెరుస్తున్న వాళ్ళు. కొందరు చంకలో పిల్లల్ని ఎత్తుకొచ్చారు. కెమెరా వైపు ఎవరూ చూడలేదు. మెకానిక్ తాళం తిప్పాడు. ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది. తర్వాత అందుకుంది. అంతమందీ ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. తారామణి బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. నేనూ పెట్టాను. వెచ్చగా, సన్నగా అదురుతోంది.

కనకరాజు గారు వచ్చారు. జనం దారి ఇచ్చారు. రాణి ఎదురుగా వచ్చి నిలబడింది. ఎవరూ పరిచయం చేయలేదు. ఆయన రెండు చేతులూ జోడించారు.

“గేటు తెరిపియ్యలేకపోయిన, తల్లీ.”

రాణి ఆ చేతులు విడదీసి పట్టుకుంది.

“చెయ్యి తియ్యకుండ హారన్ కొట్టినవంట గద తాతా. మా నాయిన పొయ్యేదాక చెప్తనే ఉన్నడు. ఆ మనిషి మనోడు అనెటోడు.”

నరేందర్ సార్ కెమెరా ఆపించేశారు. పక్కకు పోయి నిలబడ్డారు.

కనకరాజు గారు అలవాటుగా స్టీరింగ్ వైపు తలుపు దగ్గరికి నడిచారు. రాణి వెనక తలుపు తెరిచి పట్టుకుంది. ఆ సీటు మీద అప్పటిదాకా ఎవరూ కూర్చోలేదు. ఆయన తటపటాయించి, తల వంచి, లోపలికి ఎక్కారు. ఇన్నేళ్ళలో ఆ కారులో వెనక ఎప్పుడూ కూర్చోలేదట.

స్టీరింగ్ ముందు రాణి కూర్చుంది. కారు మిల్లు గేటు దాటి నాచారం మెయిన్ రోడ్డెక్కింది. మేమంతా నడుస్తూ వెంట పోయాం.

1 మార్చి, ఆదివారం

ఎపిసోడ్ అయిపోగానే మొదటి ఫోన్ కనకరాజు గారిది. మా ప్రోగ్రాం మీద మీ అభిప్రాయం చెప్పండి అన్నాను.

“పిల్ల బండి మంచిగ నడుపుతది” అని పెట్టేశారు.