బావ సంతకం

బావా,

నోటీసు ఇవ్వకుండా ఎమ్మెల్యేవైన నిన్ను పార్టీలోంచి గెంటేయడం చెల్లదని కోర్టు ఆపిందిగా! నిన్న మీ పార్టీ సెక్రటరీ నా సైకిల్ షాపుకొచ్చాడు. రిపేరుకి తెచ్చిన సైకిలే లేదు. డబ్బా మీద కూర్చుని, "మీ బావ సంతకం అచ్చు దించేస్తావటగా?" అని నవ్వి, నోటీసు నీకు అందినట్టు పాత తేదీతో రసీదు తీసి, కింద నీ సంతకం పెట్టమన్నాడు. అది కోర్టు చూస్తే ఈసారి నిన్ను నిజంగానే గెంటేస్తారు.

"కళ్లజోడు కనపడట్లేదు, రేపు రండి" అని పంపేశా. జోడు నా నెత్తి మీదే ఉంది.

అప్పట్లో నేను నీ సంతకంతో అక్కకి ప్రేమలేఖ రాసి ఏడిపించిన సంగతి మన ముగ్గురికే తెలుసు. నేను చెప్పలేదు, అక్క చెప్పదు. ఎవరి ముందు వాగావో గుర్తుతెచ్చుకో. దొంగ నీ పక్క కుర్చీలోనే ఉన్నాడు.

ఇక ఎవరి సంతకమూ నమ్మకు, నాది కూడా. అందుకే కింద వేలిముద్ర వేస్తున్నా. నల్లగా ఉన్నది సిరా కాదు, గ్రీజు.

నీ బావమరిది