పనసపొట్టులో ఆవ

అత్తయ్యగారూ,

వంటింటి గుమ్మంలో నిలబడితే చాలు, "నువ్వెళ్ళి పేపర్లు దిద్దుకోమ్మా" అని ఇరవై ఏళ్ళు తరిమారు. అది కాలేజీలో పాఠాలు చెప్పుకునే కోడలి మీద ప్రేమా, దాని చేతివంట మీద భయమా? నేనెప్పుడూ అడగలేదు. వంట తప్పిందన్న సంతోషంలో అడగాలనిపించలేదు కూడా.

మీరు వెళ్ళి నేటికి ఏడాది. రాజమండ్రి మార్కెట్లో కాయ కొట్టించి, మీ పనసపొట్టు కూర చేశాను.

మీరు వెళ్ళాక మొదటిసారి చేసినప్పుడు, నూరిన ఆవముద్దను స్టవ్వు మీద ఉడుకుతున్న కూరలోనే కలిపేశాను. అంతా చేదైపోయింది. మావయ్యగారు మర్యాదగా మింగి, "ఒంటికి మంచిదే అయ్యుంటుందిలేమ్మా" అన్నారు. మీ అబ్బాయి మాత్రం, "దించి చల్లారాక కదా ఆవ పెట్టేది! నీకు ఎమ్మే ఎవరిచ్చారు?" అన్నారు.

ఈసారి బాండీ దించి, విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాను. "ఇంకా చల్లారలేదా అమ్మా?" అని కంచం ముందు నుంచి మావయ్యగారు. "ఆగండి మావయ్యగారూ, తొందరపడితే మళ్ళీ మందే" అన్నాను. ఇంటిల్లిపాదీ నా గరిటె కోసం ఎదురుచూస్తుంటే భలే సరదాగా అనిపించింది.

రెండు ముద్దలు తిన్నాక మావయ్యగారు తలెత్తకుండానే, "సుభద్రా, ఇంకాస్త వెయ్యవే" అన్నారు, మీ పేరు పెట్టి. నేను వెళ్ళి వడ్డించాను.

సాయంత్రం మీ మనవరాలు, "రేపు కూర నేను చేస్తానమ్మా" అంది. "నువ్వెళ్ళి చదువుకో" అనేశాను. దాని చదువు మీద బెంగతో అన్నానో, స్టవ్వు వదలబుద్ధికాక అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.