గురక పోగొట్టే టీకా వరస

వరహాలక్కకి,

భీమిలి ప్రజలందరికీ ఇందుమూలంగా చాటింపు వేయించునది ఏమనగా, ఉక్కునగరంలో నీ తమ్ముడి ఎడమ భుజం, కరోనా టీకా పొడిపించుకుని కూడా, ఉన్నచోటనే క్షేమంగా ఉన్నది.

మీ పెద్దాడు ఒక టీకా మంచిదంటాడు, అల్లుడు ఇంకోటి మంచిదంటాడు అని నువ్వు ఏదీ వేయించుకోకుండా కూర్చున్నావట. ఇక్కడ ఆస్పత్రిలో రెండు వరసలు కట్టారు. ఏ వరసలో ఏ టీకా అని జనం కొట్టుకు చస్తుంటే, ఎడమ వరసది వేయించుకుంటే గురక పోతుందట అని మెల్లగా ఒకావిడ చెవిలో వేశాను. అంతే, ఆడవాళ్లు మొగుళ్లని చొక్కా పట్టుకుని అటు లాగేశారు. "రా ఇటు, రాత్రల్లా లారీలాగ మోగుతన్నావు!" అని పక్క క్వార్టర్ ధనశ్రీ కేకలు. నర్సమ్మ బయటికొచ్చింది. "ఎవులు సెప్పారీ మాట? రెండు లైన్లకీ ఒకటే మందు. ఇయ్యాల వచ్చింది ఇదే, రేపేటొస్తదో నాకూ తెల్దు" అంది. కాబట్టి ఎంచుకునే బాధ నీకూ లేదు. రోజులు బాగాలేవు, నానబెట్టకు.

బావకి దగ్గు తగ్గిందా? ఎండు నెత్తళ్ల చేపలు పంపు, పోయినసారి సగం ఇసకే. పిల్లలకి దీవెనలు.

ఈ మూల కాస్త చోటు మిగిలింది కనుక నిజం రాస్తున్నాను. భుజం సంగతి కల్పితం. సూది చూడగానే ఇంటికొచ్చేశాను. మంగళవారం బస్సెక్కి రా అక్కా. ముందు నువ్వు వేయించుకో, నీ చెయ్యి నేను పట్టుకుంటాను. తర్వాత నా చెయ్యి మాత్రం నువ్వు వదలకు.

నీ తమ్ముడు చంటి