ప్రవర్తన: ఫరవాలేదు

పెద్దనాన్నగారికి,

నమస్కారం. పెట్టక తప్పదు కాబట్టి పెడుతున్నాను.

బేకరీలో పని చేతిదాకా వచ్చి పోయింది. యజమానురాలు నాతో రెండు మాటలు మాట్లాడి, "కాలేజీ టైముకి అడ్డం రాకుండా పొద్దున్నే వచ్చి పని చేసి వెళ్లు. నిన్ను ఎరిగిన పెద్దవాళ్లెవరైనా ఒక ముక్క రాస్తే చాలు" అంది. ముప్పై నాలుగేళ్లు హెడ్మాస్టరుగా చేసిన మనిషి కదా, విలువుంటుందని మీ అడ్రసు ఇచ్చాను. నా చెంప నేనే వాయించుకోవాలి.

"నిజాయితీపరురాలు. అయితే ఎనిమిదింటికి ముందు ఈమె లేవగా ఎవరూ చూడలేదు" అని రాస్తారా? ఆ బేకరీ తలుపులు తీసేది ఐదింటికి. ఆవిడ మీ ఉత్తరం నా ముందే చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టింది. జాలిపడి నిన్నటి బ్రెడ్డు ఒకటి ఇచ్చి పంపింది.

ఈ నెలాఖరులోగా పని దొరక్కపోతే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతానని నాన్న ఖరాఖండిగా చెప్పాడు. ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. ఈసారి ఎవరైనా అడిగితే మంచి మాత్రమే రాయండి.

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

తా.క. ఆ బ్రెడ్డు నమిలితే దవడలు పీకాయి. మీతో వాదించినట్టే ఉంది.

---

చిరంజీవి చిటపటకి,

పెద్దనాన్న దీవెనలు.

ఒక మంచి, దాని పక్కనే ఒక లోపం రాయనిదే నేను సంతకం పెట్టను. బడిలో అందరికీ ధ్రువపత్రాలు అలాగే ఇచ్చాను. "ప్రవర్తన" అన్న గడిలో "ఫరవాలేదు" దాటి నా సర్వీసులో ఎవరికీ రాయలేదు. అదైనా ముగ్గురికే.

అయినా నీకోసం నియమం సడలిస్తున్నాను. నువ్వు దరఖాస్తు పెట్టిన, పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం వాళ్లు నిన్ననే అడిగారు. లోపమన్న మాటే లేకుండా, మంచే ఏరి రాశాను. నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
పెద్దనాన్న

తా.క. ఎనిమిది అని మర్యాదకి రాశాను. తొమ్మిదని మనిద్దరికీ తెలుసు.

---

పెద్దనాన్నగారికి,

ఈసారి నమస్కారం లేదు.

"పిల్లల్ని క్రమశిక్షణలో పెట్టడంలో ఈమెకి ఈమే సాటి. ఏడేళ్ల వయసులోనే తమ్ముణ్ణి సామాన్ల గదిలో పెట్టి గడియ వేసింది. మధ్యాహ్నానికల్లా వాడు పదమూడో ఎక్కం అప్పజెప్పాడు." ఇదీ మీరు ఏరిన మంచి. కేంద్రం నడిపే ఆవిడ చదవడం ముగించి, నావైపు ఒక కన్ను వేసి ఉంచి, గదిలో పిల్లల్ని లెక్కపెట్టుకుంది.

నా ఒళ్లు మండిపోతోంది. రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. ఒకటి, గడియ వేసింది నేనే, వెయ్యమన్నది ఎవరు? రెండు, మీ ధ్రువపత్రంతో ఉద్యోగం వచ్చినవాడు ఈ ముప్పై నాలుగేళ్లలో ఒక్కడైనా ఉన్నాడా? జవాబులు బుధవారంలోగా నా చేతికి రావాలి. రాకపోతే, డాక్టరు వద్దన్న మిఠాయి మీరు బీరువాలో ఏ అరలో దాస్తున్నారో పెద్దమ్మకి రాస్తాను. కింది నుంచి రెండోది, నిఘంటువు వెనక.

యూనివర్సిటీ వెనక ఒక ఆరంతస్తుల భవనం ఉంది. దాని మేనేజరుకి మధ్యాహ్నాలు ఆఫీసు పనికి మనిషి కావాలట. దరఖాస్తులో మీ పేరు ముందే రాసి చచ్చాను. ఆయన అడిగితే నా గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దు. మీ కలానికో దండం.

ఇట్లు,
మీవల్ల రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నది

తా.క. తమ్ముడికి పదమూడో ఎక్కం ఇప్పుడు రాదు.

---

చిరంజీవి చిటపటకి,

దీవెనలు. మొదటి ప్రశ్నకి జవాబు: నేనే. రెండోది విచారిస్తున్నాను.

మేనేజరు అడిగాడు. నీ మాట ప్రకారం నీ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఉత్తి కవరు పంపితే బాగుండదు గనక, నువ్వు నాకు రాసిన రెండు ఉత్తరాలూ అందులో పెట్టి పంపాను. అన్నీ నీ మాటలే.

ఇట్లు,
పెద్దనాన్న

తా.క. అర మార్చాను.

---

పెద్దనాన్నగారికి,

నమస్కారం.

మేనేజరు పిలిపించాడు. ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది, లిఫ్టు చెడిపోయి ఏడు నెలలైంది. రొప్పుతూ ఎక్కేసరికి ఆయన బల్లమీద నా ఉత్తరాలు పరిచి ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం ఒక్కటే అడిగాడు.

"బుధవారానికి జవాబు వచ్చిందా?"

"మంగళవారమే వచ్చిందండీ."

"లిఫ్టు కంపెనీకి నేను పదకొండు ఉత్తరాలు రాశానమ్మా. పదకొండింట్లోనూ దయచేసి అనే రాశాను. నువ్వొకటి రాసిపెట్టు."

మీమీద ఉన్న కోపమంతా వాళ్లమీద కుమ్మరించాను. రెండు ప్రశ్నలు అడిగి బుధవారం గడువు పెట్టాను. మంగళవారం పొద్దున మెకానిక్కులు ముగ్గురు దిగారు. సాయంత్రం నేను లిఫ్టులోనే కిందికి వచ్చాను. నా చదువు అయ్యేదాకా ఈ పని నాదేనని మేనేజరు రాసిచ్చాడు. నెలాఖరుకి ఇంకా ఒకరోజు ఉండగానే ఆ కాగితం నాన్నకి చేరింది. పెట్టె సర్దుకోమనడం మానేశాడు.

కోపం తగ్గిందనుకోకండి. మిఠాయి సంగతి పెద్దమ్మకి రాయడం లేదు, అంతే. ఆవిడే నాకు రాసింది, కొత్త అరతో సహా.

నా రెండో ప్రశ్నకి జవాబు మీరిక విచారించనక్కర్లేదు. ఒకర్తి ఉంది.

ఇట్లు,
చిటపట

తా.క. అడక్కపోయినా ఒక ధ్రువపత్రం ఇస్తున్నాను. గోడకి తగిలించుకోండి.

"ఈ పెద్దమనిషిని పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. మంచి: అబద్ధం రాయడు. లోపం: అబద్ధం రాయడు. ప్రవర్తన: ఫరవాలేదు."